రెండు బైట్ల నోట్సు

“రెండు కాదండి మేడమ్, నాలుగు.”

నిర్మల చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది.

బోర్డు మీద వరసగా ఐదు గళ్లు. మొదటి గడి కింద 2000, రెండోదాని కింద 2002, మూడోదాని కింద 2004. కంప్యూటరు మెమరీలో అంకెలు పక్కపక్కనే ఎలా కూర్చుంటాయో ఏలూరులోని ఆ డిగ్రీ కాలేజీలో ఆమె పద్దెనిమిదేళ్లుగా ఇలాగే చెబుతోంది. ఒక్కో అంకెకు రెండు బైట్లు. ఇన్నేళ్లలో ఎవరూ కాదనలేదు.

“ఎవరు చెప్పారు?”

“జిరాక్సు ఆంటీ అండి,” అంది ముదినేపల్లి నుంచి వచ్చే పింకీ. “పాత కంపైలర్లలో రెండంటండి. ఇప్పుడు నాలుగంట.”

క్లాసులో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ బుద్ధిగా నోట్సులో దిద్దుకున్నారు.

జిరాక్సు ఆంటీ అంటే ఆబిదా. గేటు పక్క బాషా షాపులో మూడు నెలల కిందట చేరింది. ఎక్కడి మనిషో ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం నిర్మల చాక్‌పీసులు కొనే మిషతో షాపు పక్కన నిలబడింది. చాక్‌పీసులు కాలేజీయే ఇస్తుంది.

లోపల మిషను పేజీలు కక్కుతోంది. చుట్టూ పన్నెండు మంది పిల్లలు. తన క్లాసులో ముందు బెంచీల్లో ఎప్పుడూ ఖాళీగా ఉండే చోట్లు ఎవరివో నిర్మలకు అర్థమైంది.

“కోడిగుడ్ల అట్ట చూశారుగా,” అంటోంది ఆబిదా. “ఆరు వరసలు, వరసకి ఐదు. మనకి పలకలా కనపడుద్ది. మెమరీకి పలకలు తెలీవు. మొదటి వరస తోకకే రెండో వరస. మొత్తం ఒకటే బారు.”

“మూడో వరసలో నాలుగోది కావాలంటే ఆంటీ?”

“రెండు వరసలు దాటు, పది. ఇంకో మూడు దాటు, పదమూడు. ఆ తర్వాతది నీ గుడ్డు.”

“ముప్పై ఒకటోది పెడితేనో?”

“సి లాంగ్వేజీ వద్దనదమ్మా. అది పక్కోళ్ల అట్టలో కూర్చుంటది. ఎవరిది పగిలిందో తర్వాతెప్పుడో తెలుస్తది.”

పిల్లలు నవ్వారు. తన క్లాసులో పిల్లలు చివరిసారి ఎప్పుడు నవ్వారో నిర్మల గుర్తుచేసుకోబోయి మానేసింది.

పింకీ ఒక పేజీ చూపించింది. “బఫర్ పాఠం దగ్గర ఈ గుండ్రటి బొమ్మ ఏంటాంటీ? ఒకచోట తెగి ఉంది. మేడమ్ కూడా అలా తెంచే వేస్తారు.”

ఆబిదా ఆ పేజీని కాస్త ఎక్కువసేపే చూసింది.

“అది మేడమ్‌గారినే అడగాలమ్మా.”

ఆవిడకూ తెలియనిది ఒకటుందని నిర్మలకు ప్రాణం కుదుటపడింది. ధైర్యంగా కౌంటరు దగ్గరికి వెళ్లింది. జిరాక్సు కోసం తానిచ్చిన కట్ట అక్కడే ఉంది. ప్రతి 2 పక్కనా పెన్సిలుతో చిన్న 4.

“ఇందులో ఎవరు దిద్దారండీ?”

“నేనేనండి. చెరిపేయొచ్చు లెండి. ప్రాక్టికల్స్‌లో పిల్లలకి లెక్క తప్పుద్దని.”

“ఒకరి నోట్సులో చెయ్యి పెట్టకూడదని తెలీదా?”

ఆబిదా తలెత్తింది. “ఈ నోట్సు మీదాండీ?”

తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివేటప్పుడు నిర్మలకు సీనియర్ల ద్వారా దొరికిన కట్ట అది. జిరాక్సుకు జిరాక్సు. ఆమెకు అందేసరికే మొదటి పేజీ లేదు. దానితోనే పాసైంది, దానితోనే ఉద్యోగం నెట్టుకొస్తోంది. అది తనదని ఎవరికీ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

ఈసారి చెప్పింది. “నాదే.”

“చక్కటి రాతండి,” అంది ఆబిదా, పేజీలు సర్ది ఇస్తూ.

ఆ వారమే పిల్లల అభిప్రాయాల ఫారాలు వచ్చాయి. పేరు రాయక్కర్లేదు గనక నిజం రాశారు. ‘జిరాక్సు ఆంటీ చెబితే అర్థమవుతుంది.’ పదకొండు మంది. కాంట్రాక్టు లెక్చరర్లను వచ్చే ఏడాది ఉంచాలా వద్దా అన్నది ఆ ఫారాలే తేలుస్తాయి.

నిర్మల ప్రిన్సిపాల్ నిత్యానందం గారి గదికి వెళ్లింది.

“బయటివాళ్లు పాఠాల్లో వేలు పెడుతున్నారండీ. నా నోట్సు దిద్దేస్తున్నారు.”

“జిరాక్సు షాపులో క్లాసులేంటండీ,” అన్నారాయన. “బాషాతో నేను మాట్లాడతాను.”

మూడో రోజుకి కౌంటరు వెనక ఆబిదా లేదు. ఆ రోజు నిర్మలకు క్యారేజీలో బీరకాయ కూర కూడా రుచిగా ఉంది.

సోమవారం నోట్సు కట్ట తీసుకుని షాపుకు వెళ్లింది.

“ఇదిక రాదండి మేడమ్‌గారూ, అక్షరాలు మసకబారిపోయాయి,” అన్నాడు బాషా. “ఆబిదక్క ముందే చెప్పింది. ఇది మీకిమ్మంది, దీంట్లోంచి తీసుకోమంది.”

అట్ట వేసిన పాత లాంగ్ నోట్‌బుక్కు ఒకటి ఆమె ముందు పెట్టాడు.

“ఆవిడ ఎక్కడ?”

“తెలీదండి. జంగారెడ్డిగూడెం బస్సెక్కింది. ఫోన్ కలవట్లేదు.”

నిర్మల మధ్యలో తెరిచింది. అవే గళ్లు, 2000, 2002, కుడివైపు వాలిన అవే అక్షరాలు. ఇన్నేళ్లూ నల్లగా చూసిన గీతలు ఇక్కడ నీలంగా ఉన్నాయి. ప్రతి 2 పక్కనా కొత్త ఎర్రసిరాతో 4.

పేజీ తిప్పింది. బఫర్. పద్దెనిమిదేళ్లుగా తాను బోర్డు మీద వేస్తున్న గుండ్రటి బొమ్మ, అదే చోట తెగి, గోధుమరంగులో ఉంది.

టీ గ్లాసు మరక.

ఆమె మెల్లగా మొదటి పేజీకి వెళ్లింది. తనకు ఎప్పుడూ దొరకని ఆ పేజీలో, కుడివైపు వాలిన అక్షరాలతో నాలుగే మాటలున్నాయి: ‘ఆబిదా, బి.ఎస్సీ. ఫైనలియర్, తాడేపల్లిగూడెం.’