ఉబ్బెత్తు అక్షరాల సీసాలు

ఈ నీలం సీసా ఎక్కడిదని అడిగాడు తనిఖీకి వచ్చిన డాక్టరు.

శబరి ఏటి ఒడ్డున, కొంటాకు ఒక రోజు నడక దూరంలో ఉన్న చిన్న దవాఖానా అది. బస్తర్ సంస్థానం వారిది. డాక్టరు జగదల్పూరు నుంచి బండి మీద వచ్చాడు.

కంపౌండరు కాశయ్య సీసా అందుకుని బొటనవేలితో మెల్లగా నిమిరాడు. మూడు పలకల సీసా. ఒళ్ళంతా ఉబ్బెత్తు నిలువు గీతలు. లోపల విషం ఉందని తెలిసేలా విలాయతులో అలా పోత పోస్తారని చెప్పాడు. అడవి కొలవడానికి వచ్చిన ఓ దొర గుడారం ఎత్తేస్తూ వదిలేసి పోయాడట. పుండ్లు కడిగే మందును కాశయ్య అందులో పోసి పెట్టాడు.

బల్ల మీద అలాంటివి పన్నెండు ఉన్నాయి. సింహం బొమ్మ తేలిన సీసాలో చలిజ్వరం మందు. అది టేకు తెప్పల కాంట్రాక్టరు సారా తాగి ఏట్లో పారేసినది. కలకత్తా కంపెనీ పేరు అడ్డంగా ఉబికినదాంట్లో విరేచనాల మందు. ఒక్కోదాని కథా కాశయ్య మురిపెంగా చెప్పాడు.

ఊరివాళ్ళకు ఆయన పిచ్చి తెలుసు. ఇసుకలో గాజు మెరిస్తే తెచ్చి ఇచ్చేవారు. నున్నటి సీసాలు ఆయన తీసుకునేవాడు కాదు. కాగితం అంటించినవి అసలే వద్దనేవాడు.

"కాగితాన్ని చెదలు తింటయ్. గాజు మీద పోసిన అక్షరం యాడికి పోదు" అనేవాడు.

డాక్టరుకూ ఆ పిచ్చే ఉంది. ఇంట్లో అద్దాల బీరువా నిండా పాత సీసాలేనట. ఇంత అరుదైనవాటిలో మందులు పోసి పాడుచేయకూడదని, తన బీరువాకు తీసుకుపోతానన్నాడు. దవాఖానాలకు పంచడానికి తెచ్చిన కొత్త సీసాలు బండిలోనే ఉన్నాయి. తన వెంట వచ్చిన బంట్రోతు చేత మందులన్నీ వాటిలోకి మార్పించాడు. తానే కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు రాసి అంటించాడు.

నీలం సీసా, సింహం సీసా, ఆ రెండైనా ఉంచమని కాశయ్య చేతులు జోడించాడు. వాటి మీద అంత మమకారం దేనికని డాక్టరు నవ్వుతూ అడిగాడు. కాశయ్య నోరు తెరిచాడు. అసలు సంగతి చెబితే కొలువు ఊడుతుంది; పాత అలవాటని మాత్రం అన్నాడు.

పన్నెండు సీసాలనూ గడ్డిలో చుట్టి బండికెక్కించారు. గిత్తల మువ్వల చప్పుడు దూరమయ్యేదాకా కాశయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే దోర్ల తెగవాళ్ళ గూడెం నుంచి సన్నే వచ్చింది. భుజం మీద నాలుగేళ్ళ కూతురు. పిల్ల పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. కాశయ్య పిల్ల నుదుటి మీద చెయ్యి వేశాడు. కాలిపోతోంది.

"మూడు దినాల సంది ఇట్లనే ఉన్నదయ్యా. మందు పొయ్యి" అంది సన్నే.

కాశయ్య బల్ల దగ్గరకు వెళ్ళాడు. ఒక సీసా ఎత్తాడు. బిరడా తీసి వాసన చూసి పెట్టేశాడు. ఇంకోటి ఎత్తాడు. అన్నీ ఒక్కటే ఎత్తు, ఒక్కటే నునుపు. మూడోది తడిమి వదిలేశాడు.

"ఇయాళ మందు లేదు, తల్లీ. కొంటాకు పో."

సన్నే నిండుగా ఉన్న పన్నెండు సీసాలవైపు చూసింది. ఆయన ముఖంలోకి చూసింది. పిల్లను చీరకొంగుతో గట్టిగా కప్పుకుని ఎండలోకి దిగి నడిచింది.

కాశయ్యకు రెండు కళ్ళూ పోయి అప్పటికి రెండేళ్ళయింది.