జెండా మీది కోడి

నేనొక పెట్టని. మా పెరటి పుంజు గొప్పలు వింటూ పెరిగినదాన్ని. "సుబ్రహ్మణ్యస్వామి జెండా మీద ఉండేది మా పుంజేనే! లోకాన్ని మేలుకొలిపేది మేమేగా. పెట్టని జెండాకెక్కించుకున్న దేవుడు ఒక్కడైనా ఉన్నాడా?" అనేది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తిరునాళ్లకి గుళ్లో కోడి బొమ్మ గీసిన జెండా ఎత్తారు. జనమంతా తలెత్తి దణ్ణం పెట్టారు. నేనూ తలెత్తాను. ఒక్కరోజు నా బొమ్మ అక్కడ ఎగిరితే ఎంత బావుంటుందో అనుకుంటూ అలాగే చూస్తుండిపోయాను. నా ఏడుగురు పిల్లల్లో తెల్లతోకదాన్ని గద్ద తన్నుకుపోయిందని, మిగతావి కీచుమంటే గానీ నాకు తెలియలేదు.

తిరునాళ్లు ముగిశాక జెండా దించి మండపంలో పరిచారు. వెళ్లి ఆ బొమ్మకోడిని నిలదీశాను.

"అంత ఎత్తున ఉన్నావు కదా అన్నా, గద్ద రావడం కనబడలేదా?"

"అందరికంటే ముందు నేనే చూశానమ్మా. కూయబోయాను. ముక్కు గీశారు, తురాయి గీశారు, కూత మాత్రం ఎవరూ గీయలేకపోయారు."

కాసేపు దాని పక్కనే కూర్చుని ఇంటికొచ్చేశాను.

మళ్లీ ఏడాది జెండా ఎత్తారు. ఆ ఏటి పిల్లలన్నీ నా రెక్కల కిందే ఉన్నాయి. జనం జెండా వైపు చూసి దణ్ణం పెట్టారు. నేను మాత్రం దాని పక్కనున్న ఖాళీ ఆకాశంలో ఒక తెల్లతోక కోసం వెతికాను.