కార్చిచ్చు అంటే

“కార్చిచ్చని మాత్రం అనకు, ఊరంతా నవ్వుతారు,” అన్నాడు తన్నూస్, ఆలివ్ కొమ్మతో మంటను బాదుతూ.

అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ కలిపిన అతని భార్య నజ్హా, “మరేమనను?” అంది.

“నరికిన కొమ్మలు తగలబెడుతుంటే కాస్త గాలేసిందను. మంట నా చెప్పుచేతల్లోనే ఉంది.”

ఆమె కోళ్లగూడు అంటుకుంది. కోళ్లు కాళ్లకు అడ్డంపడుతూ పారిపోయాయి.

“ఇప్పుడో?”

“చిన్న మంటే. పాత గూడేగా.”

“మా అమ్మ నాటిన అంజూరపు చెట్టు?”

“అదీ మంటే.”

గాలి తిరిగింది. నిప్పురవ్వలు అతను అరక్ సారా కాచుకునే పాక మీద పడ్డాయి.

“కార్చిచ్చే, చెప్పవేమే,” అంటూ సీసాల కోసం పరుగెత్తాడు తన్నూస్.

ఆ మాటకు అర్థం నజ్హాకు అప్పుడు తెలిసింది.

“తొందరేం లేదు నాయనా,” అంది ఫోన్‌లో తాపీగా. “చిన్న మంటే. మా ఆయన చెప్పుచేతల్లోనే ఉంది.”