చిన్న లెన్సు

అద్దాల బల్ల మీద రెండు జూమ్ లెన్సులు నిలబెట్టాడు దుకాణం తారాచంద్. ఒకటి లావుగా, బరువుగా. రెండోది అందులో సగం.

"లావుదాంట్ల స్టెబిలైజేషన్ ఉంటది దేవిదాసన్నా. చెయ్యి వణికినా ఫోటో చెదరది. చిన్నదాంట్ల అది లేదు. గని మస్తు తేలిక."

దేవిదాస్ తల ఊపాడు. బాన్సువాడలో సగం పెళ్లిళ్లు అతను తీసినవే. పోయినేడు బండి మీంచి పడి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది. వణుకు పోలేదు.

లావు లెన్సు తగిలించి, రోడ్డవతల జామకాయలమ్మే ముసలమ్మకు గురిపెట్టాడు.

పొద్దు వాలుతున్నా, కాయల మీది ఉప్పుకారం కూడా స్పష్టంగా పడింది.

"ఎట్లుంది!" అన్నాడు తారాచంద్.

దేవిదాస్ మొహం వెలిగింది. ఇంకోటి తీశాడు. మరోటి తీయబోతుంటే మణికట్టు సలిపింది. కెమెరా దించేశాడు.

పెళ్లంటే పొద్దంతా మోయాలి.

చిన్నది తగిలించాడు. చేతిలో ఉన్నట్టే లేదు. ముసలమ్మ మొహం మాత్రం అలుక్కుపోయింది.

వెనక భార్య లచ్చి నిలబడి ఉంది. బీడీలు చుట్టే పని లేని రోజు పెళ్లిళ్లకు వెంట వస్తుంది. అతను భోజనాల బంతిలో కూర్చున్నంతసేపూ కెమెరా ఆమెదే.

"జర నువ్వు తియ్యి," అన్నాడు.

లచ్చి చిన్న లెన్సు మార్చలేదు. మోచేతులు పక్కలకు ఆనించింది. ఊపిరి బిగబట్టింది. ఒక్కటే నొక్కింది.

దేవిదాస్ తెర మీద పెద్దది చేసి చూశాడు. ముసలమ్మ పంటి సందు. ముక్కుపుడక రాయి. రాయిలో మెరుపు.

చాలాసేపు చూశాడు.

"నీకైతే లావుదే అన్నా. స్టాండు పెట్టుకుంటే బరువు ఫికర్ ఉండది," అన్నాడు తారాచంద్.

"చిన్నది ప్యాక్ చెయ్యి."

"మరి వణుకు?"

"ఆమె చెయ్యి వణకది."

లచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏంది, గట్ల పదిమందిల..." అంది. దుకాణంలో ఉన్నది ముగ్గురే.

ఆ వారమే కోటగిరిలో పెళ్లి. పందిరి చివర కుర్చీ ఎక్కి, జనం తలల మీదుగా పెళ్లికూతురి కళ్లకు గురిపెట్టింది లచ్చి.

మంటపం మీద పెళ్లికూతురి పక్కన లైటు పట్టుకుని నిలబడ్డ దేవిదాస్ ముందుకు పెళ్లికొడుకు తండ్రి రామబ్రహ్మం గబగబా వచ్చాడు. "ఏమయ్యా దేవిదాసూ, ఫోటోలు తీయకుండా ఇక్కడ నిలబడ్డావేం?"

దేవిదాస్ ఎడమచేత్తో లైటు ఇంకాస్త పైకెత్తాడు.

"జర పక్కకు జరుగుండ్రి సార్," అన్నాడు. "ఫోటోగ్రాఫర్‌కు అడ్డమొస్తున్నరు."