కారు అద్దం పగలగొట్టిన అవ్వ

"కంపెనీ అద్దమే వెయ్యాలి. నాసిరకం వేశావంటే ఊరుకోను," ఎర్రటి స్పోర్ట్స్ కారు పక్కన నిలబడి గద్దించాడు ఒఫొసుహేనె.

"ఎవరు పగలగొట్టారు సార్?" తలుపులోంచి గాజుపెంకులు ఏరుతూ అడిగింది మెకానిక్ మెన్సిమా.

"పల్లీలమ్మే ముసల్ది. రాయి పెట్టి కొట్టింది. పోలీసులకి పట్టించాను."

"ఏం ఎత్తుకుపోయింది?"

"ఏం లేదు. లోపల నిద్రపోతున్న మా పాప ఎండకి ఉడికిపోతోందట! పది నిమిషాల్లో వచ్చేవాణ్ణిగా!"

అక్రా నగరంలో మధ్యాహ్నపు ఎండకి తలుపు రేకు చెయ్యి కాలుస్తోంది. మెన్సిమా ఆగిపోయింది.

"పాపకెలా ఉంది?"

"ఆసుపత్రిలో కోలుకుంటోంది. అద్దం ఎప్పటికి బిగిస్తావ్?"

మెన్సిమా గ్లవ్స్ తీసేసింది. "ముందా అవ్వని విడిపించుకు రా. అంతదాకా నీ కారుకి అట్టముక్క కూడా అడ్డం పెట్టను."

అతను పక్క షాపుకేసి చూశాడు. అంతా విన్న అక్కడి మెకానిక్ షట్టర్ దించేశాడు.

కారు పోలీస్ స్టేషన్ దారి పట్టింది.