కారు ముందు దివిటీ

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను. తప్పులుంటే, కథ మెల్లగా నడిస్తే మన్నించాలి.

చీకటి పడ్డాక, క్యాబ్ నడిపే తిరుపతి హైటెక్ సిటీ నుంచి భార్య రుక్కమ్మకు ఫోన్ చేశాడు. వెనుక సీట్లో ఒక సారు ఉన్నాడట.

"రుక్కమ్మా, కారు ముందట ఒక ముసలాయన దివిటీ పట్టుకొని ఉరుకుతున్నడే. ఎంత మెల్లగ పోయినా పక్కకు జరుగుతలేడు. పాపం, రొప్పుతున్నడు."

తిరుపతి తాత వెట్టిచాకిరిలో దొర బండి ముందు అలాగే దివిటీతో పరుగెత్తి పరుగెత్తి చనిపోయాడు.

"ఆపకయ్యా. సక్కగ ఇంటికి రా."

"జరసేపు కూసోబెట్టి వస్త."

ఫోన్‌లో కారు ఆగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. "తాతా, ఇగ చాలు, కూసో," అంటున్నాడు తిరుపతి.

"ఈ దివిటీ నాకెందుకిస్తున్నవ్ తాతా?"

ఆ వెంటనే కారు వెనుక సీట్లోంచి ఇంకో గొంతు, తీరిగ్గా పలికింది. "ఆగినవేందిరా? ఉరుకు."

ఎద్దుల మెడగంటలు మోగాయి. పొద్దున తిరుపతి బూట్లు తొడుక్కునే వెళ్లాడు. ఫోన్‌లో మాత్రం వట్టి కాళ్ల చప్పుడు వినిపిస్తోంది. రుక్కమ్మ పిలుస్తూనే ఉంది. అటునుంచి రొప్పు ఒక్కటే వస్తోంది.

ఇది రాసింది: ఆవుల రుక్కమ్మ, వయసు యాభై ఎనిమిది, ఇప్పుడు ప్రగతి నగర్‌లో మరిది ఇంట్లో.