ముందు అవ్వ పీల్చాలి

కళ్ల ముందే ఊపిరాడక ఒక ప్రాణం పోతుంటే, తాను చూస్తూ నిలబడాల్సి వస్తుందేమో. భారతిని పీడిస్తున్న భయం అదొక్కటే.

అందుకే బల్బు వెలగగానే పరుగు తీసింది. శింగనమల చెరువు కింది ఆ ఊళ్లో కరెంటు పొలం మోటార్ల కోసం వస్తుంది, చెప్పకుండా పోతుంది. ఆ కాస్త వేళలోనే ఆవిరి మిషను నడవాలి. చిన్న డబ్బాలో మందు పోసి, గొట్టం తగిలించి, స్విచ్చి వేసింది. మిషను బర్రుమంది. మాస్కులోంచి తెల్లగా ఆవిరి లేచింది. ముక్కు కారుతున్న రెండేళ్ల పాప ఆ మోతకు గుక్కపట్టి ఏడ్చింది.

పొయ్యి దగ్గర నుంచి అత్త సిద్దమ్మ దగ్గుకుంటూ వచ్చి పాపను లాక్కుంది.

"తీసెయ్ దాన్ని. మీ మామకు పెద్దాసుపత్రిలో మూతికి ఇట్లాంటిదే కట్టినారు. మళ్లా ఇంటికి రాలా ఆ మనిషి. నా మనవరాలికి కట్టనీను."

"పొద్దునా సాయంత్రం పీలిస్తేనే ఊపిరి నిలుస్తాదని డాక్టరు చెప్పినాడత్తా."

"చెప్తాడు. వానికేం, పోయేది వానింట్లో మనిషా?"

కరెంటు ఏ క్షణాన పోతుందోనని భారతి బల్బు వంక చూసింది. ఆ ఇంట్లో పాప నోటికి ఏది అందాలన్నా ముందు సిద్దమ్మ రుచి చూడాలి. పాలైనా, తేనైనా, చెట్టుమందైనా అదే పద్ధతి. భారతి దాన్నే పట్టుకుంది.

"అట్లయితే ముందు నువ్వు పీల్చి చూడు. నీకేమన్నా అయితే పాప దగ్గరికే తేను."

సిద్దమ్మ మిషను వంక, పాప వంక చూసి మాస్కు మూతికి ఆనించుకుంది. అవ్వ మొహం చుట్టూ మబ్బు కమ్మేసరికి పాప ఏడుపు మాని కిలకిలా నవ్వింది. ఆ నవ్వు కోసం సిద్దమ్మ మందు అయిపోయేదాకా మాస్కు దించలేదు.

అప్పట్నుంచి రోజూ అదే వరస. బల్బు వెలగడం ఆలస్యం, ముగ్గురూ మిషను దగ్గరికి ఉరికేవారు. అవ్వ పీల్చేది, పాప నవ్వేది. పాపకు జలుబు తగ్గింది. అవ్వ పీలుస్తుంటే పక్కనున్న దానికి గాలి తగిలినా చాలినట్టుందని సిద్దమ్మ ఊరంతా చెప్పుకుంది. ఒక సాయంత్రం పాపను చంకనేసుకుని ఎక్కడా ఆగకుండా చెరువుకట్ట ఎక్కి దిగి వచ్చింది. గుమ్మంలో భారతి సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది.

పక్కింటి రామసుబ్బమ్మ మాత్రం మూతి తిప్పింది.

"ఏమక్కా, మందంతా నువ్వే పీల్చుకుంటాండావే, పసిదానికేం మిగుల్తాది?"

సిద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇక తాను దాన్ని ముట్టనని తేల్చేసింది. కరెంటు లేనప్పుడే వట్టి మాస్కు పాప మూతికి పెట్టి అలవాటు చేయబోయింది. పాప విసిరికొట్టింది.

భారతి పరుగున వచ్చింది. అత్త రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు పీలుస్తాంటేనే అది నగుతాది. దానికి బుద్ధి తెలిసేదాకా నువ్వే పీల్చత్తా. నాకోసం."

"దానికి బుద్ధి తెలిసేదాకానా? బాగుండాది నీ కత." సిద్దమ్మ కాసేపు గునిసింది. అంతలో బల్బు వెలిగింది. పాప అప్పటికే మిషను ముందు కూర్చుని చేతులు చాస్తోంది. "సరేలే, పిల్ల కోసం ఏం చేయం. పెట్టు."

మిషను బర్రుమంది.

మీరు శింగనమల వైపు వెళితే జబ్బుమనిషి ఎలా ఉందో ఒకసారి చూసి రండి, పేరు సిద్దమ్మ.